మన ఊరి చిత్రకారుడు దామెర్ల రామారావు



మన సంఘం స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాసి ఇవ్వమని సంపాదకవర్గం అడిగింది. బడి జ్ఞాపకాలు రాసేవారు చాలామంది ఉన్నారు. నాకంటే బాగా రాస్తారు కూడా. నేను వృత్తిరీత్యా సివిల్ ఇంజినీరుని. ముప్ఫై ఏళ్లుగా పునాదులు, గోడలు, స్లాబులే నా లోకం. అందుకని ఈసారి గోడ మీద ఉండవలసిన బొమ్మ గురించీ, ఆ బొమ్మ వేసే మనిషి గురించీ, ఆ మనిషికి ఊరు చేయవలసిన సాయం గురించీ రాద్దామనుకున్నాను. ఈ మూడూ ఒక్కరి జీవితంలోనే కనిపిస్తాయి. ఆయన మన రాజమండ్రి వారే, దామెర్ల రామారావు గారు.

పేరు తెలియనివాళ్లు మనలో ఉండరు. గోదావరి గట్టు వైపు వెళ్తూ ఆయన పేరున్న ఆర్ట్ గ్యాలరీ బోర్డు అందరం చూసినవాళ్లమే. లోపలికి ఎంతమంది వెళ్లారో మాత్రం నేను అడగను. అడిగితే మన బ్యాచి వాట్సాప్ గ్రూపు రెండు రోజులు మూగబోతుంది. ఊరు ఊరంతా పేరు తెలిసి, ఊళ్లో చాలామందికి పని తెలియని మనిషి ఆయన. అందుకే ముందు ఆయన జీవితం చెప్పి, తర్వాత నా మనసులో మాట చెబుతాను.

రామారావు గారు 1897 మార్చి 8న రాజమండ్రిలో పుట్టారు. తండ్రి వైద్యులు. చదువు, కాస్త కలిమి ఉన్న ఇల్లు. ఆయన పుట్టిన సంవత్సరానికి నా వృత్తి వల్ల నాకు ఇంకో గుర్తు ఉంది. అదే ఏడాది నవంబరులో గోదావరి మీద హేవలాక్ వంతెన పని మొదలైంది. మనం పాత బ్రిడ్జి అని పిలుచుకునేది అదే. 56 ఖానాలు, దాదాపు మూడు కిలోమీటర్ల పొడవు. 1900 ఆగస్టులో దాని మీద రైళ్లు నడవడం మొదలయ్యేసరికి రామారావు గారికి మూడేళ్లు. తర్వాత పదహారేళ్లకు ఆయన చదువు కోసం పడమటికి ప్రయాణం కట్టింది ఆ వంతెన మీదుగానే. దాని మీద రైళ్లు ఆగిపోయింది 1997లో. అంటే సరిగ్గా ఆయన శతజయంతి సంవత్సరం.

చిన్నప్పటి నుంచీ ఆయన చెయ్యి ఊరుకునేది కాదు, బొమ్మలు గీస్తూనే ఉండేవారు. ఇందులో గొప్పేమీ లేదు. బొమ్మలు గీసే పిల్లలు ప్రతి వీధిలో, ప్రతి తరగతిలో ఉంటారు. మన బడిలోనూ ఉన్నారు. అయితే ఈ పిల్లవాడు సరైన సమయానికి సరైన మనిషి కంట పడ్డాడు.

ఆ మనిషి ఆస్వాల్డ్ కూల్డ్రే. ఇంగ్లండు దేశస్థుడు, ఆక్స్‌ఫర్డులో చదువుకున్నవాడు. 1909లో రాజమండ్రి కళాశాలకు ప్రిన్సిపాలుగా వచ్చారు. అప్పట్లో దొరలు చాలామంది బంగళాకీ ఆఫీసుకీ మధ్య తిరిగి, పెన్షను తీసుకుని వెళ్లిపోయేవారు. కూల్డ్రే అలాంటివారు కాదు. తానే కవి, తానే చిత్రకారుడు. గోదావరి అంటే ప్రాణం. తాను పుట్టి పెరిగిన థేమ్స్ నదినీ మన గోదావరినీ ఒకే పుస్తకం పేరులో కలిపి పెట్టుకున్నంత ఇష్టం. తన శిష్యుల్లో బొమ్మలు వేసేవాళ్లెవరు, పద్యాలు రాసేవాళ్లెవరు అని వెతికి పట్టుకునేవారు. అడివి బాపిరాజు గారు ఆయన శిష్యులే. కవికొండల వెంకటరావు గారు కూడా ఆయన శిష్యులే. రామారావు గారి చేతిలో ఉన్నది ఆయన చూశారు.

చూసి మెచ్చుకోవడంతో ఆగిపోలేదు. ఉపాధ్యాయులు గమనించవలసిన సంగతి ఇదేనని నాకు అనిపిస్తుంది. బాగుందిరా అని భుజం తట్టి పంపేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. కూల్డ్రే తన శిష్యులను అజంతా, ఎల్లోరాలకు తీసుకెళ్లారు. అప్పటికి తెలుగు పిల్లలకు బొమ్మ అంటే ఇంట్లో తగిలించుకునే రవివర్మ అచ్చుపటం, లేకపోతే నాటకాల తెర. అలాంటి పిల్లలు వెళ్లి, పదిహేను వందల ఏళ్ల కిందట మనవాళ్లు కొండ తొలిచి, గోడకు మట్టి మెత్తి, సున్నం పూసి, దాని మీద మనుషుల్నీ ఏనుగుల్నీ తామరపూలనూ గీసిన తీరు కళ్లారా చూశారు. మన దేశపు చిత్రకళ మొదట గోడ మీద, పదిమందీ వచ్చి చూసే చోట ఉండేదని ఆ గుహల్లో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

కూల్డ్రే ప్రోత్సాహంతో 1916లో రామారావు గారు బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరారు. ఆ స్కూలు ప్రిన్సిపాలు సిసిల్ బర్న్స్ ఈయన వెంట తెచ్చుకున్న బొమ్మలు చూసి, మొదటి తరగతిలో కూర్చోబెట్టకుండా పై తరగతిలోకి తీసుకున్నారు.

ఇక్కడ ఆ స్కూలు పుట్టుక గురించి ఒక మాట చెప్పాలి. అది 1857లో మొదలైంది. జంషెట్జీ జీజీభాయ్ అనే బొంబాయి వర్తకుడు అంతకు కొన్నేళ్ల ముందు లక్ష రూపాయలు విరాళం ఇచ్చారు. ఆ రోజుల్లో లక్ష అంటే ఎంతో మీరే లెక్క వేసుకోండి. ఆయన పార్సీ. రాజమండ్రి అనే ఊరు ఉందని ఆయనకు తెలుసో లేదో! అయినా ఆ డబ్బు అరవై ఏళ్ల తర్వాత గోదావరి ఒడ్డున పుట్టిన కుర్రవాడికి చదువై వచ్చింది. అదే స్కూలులో జాన్ గ్రిఫిత్స్ అనే అధ్యాపకుడు 1872 నుంచి 1885 వరకు విద్యార్థులను వెంటబెట్టుకుని అజంతాకు వెళ్తూ, అక్కడి గోడచిత్రాలకు నకళ్లు వేయించారు. లండనుకు పంపిన ఆ నకళ్లలో చాలా 1885లో అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. గోడ మీది బొమ్మ ఉన్నచోటే ఉంది, భద్రంగా ఉంటుందని పంపిన నకలు బూడిదైంది.

బొంబాయి చదువు రామారావు గారికి శరీర నిర్మాణం నేర్పింది. మనిషిని ఎదురుగా నిలబెట్టి చూసి గీయడం, ఎముక ఎక్కడుంది, బరువు ఏ కాలి మీద ఉంది, వెలుగు ఎటు నుంచి పడుతోంది అని లెక్క చూసుకోవడం అక్కడి పద్ధతి. ఇంజినీరుకు స్ట్రక్చర్ ఎలాగో చిత్రకారుడికి అది అలాగ. అజంతా ఆయనకు గీత ఇచ్చింది. ఈ రెండూ కలిసిన చోటే ఆయన సొంత పద్ధతి మొదలైంది. 1920 నాటికి చదువు పూర్తి చేసుకుని ఇంటికి వచ్చారు.

ఇంటికి రావడమనేది చిన్న విషయం కాదు. బొంబాయిలో ఉంటే పనులు దొరికేవి. పెద్దవాళ్ల పరిచయాలు, పత్రికలు, ప్రదర్శనలు అన్నీ అక్కడే. మన వైపు చిత్రకారుడికి ఉన్న దారులు రెండో మూడో. జమీందారు గారి నిలువెత్తు తైలచిత్రం వేయాలి, లేదా నాటక కంపెనీకి తెరలు రాయాలి, లేదా ఏదైనా హైస్కూల్లో డ్రాయింగు మాస్టారు ఉద్యోగం చూసుకోవాలి. అలాంటి చోటికి ఆయన తిరిగి వచ్చారు. కలకత్తా వైపు వెళ్లి అక్కడి చిత్రకారులు చేస్తున్న పని చూశారు. అప్పుడు బెంగాలులో అవనీంద్రనాథ్ ఠాకూరు గారి చుట్టూ కొత్త చిత్రకళ పెరుగుతోంది. మచిలీపట్నంలో 1910లో పెట్టిన ఆంధ్ర జాతీయ కళాశాలకు కూడా బెంగాలు నుంచి ప్రమోద కుమార్ చటర్జీ గారు వచ్చి చిత్రలేఖనం నేర్పారు. రామారావు గారు ఈ గాలి పీల్చారు కానీ బెంగాలు పద్ధతికి నకలు తీయలేదు. ఆయన బొమ్మల్లోని ఆడవాళ్లు తెలుగు ఆడవాళ్లు. కొప్పు, నడక, చీరకట్టు, పువ్వు పట్టుకున్న వేళ్లు అన్నీ మన వైపువే.

‘నంది పూజ’, ‘పుష్పాలంకరణ’, ‘కార్తీక పౌర్ణమి’, ‘సిద్ధార్థ రాగోదయం’ ఆయన చిత్రాల్లో బాగా పేరున్నవి. అన్నిటికన్నా పేరు తెచ్చింది ఋష్యశృంగుడి కథ మీద వేసిన చిత్రం. ఆడదాన్ని చూసి ఎరగని ముని కుమారుణ్ణి, కరువుతో అల్లాడుతున్న అంగదేశానికి వానలు రావడం కోసం, అడవి నుంచి మరులుగొల్పి తీసుకువెళ్లే కథ మనకు తెలిసినదే. ఆ చిత్రానికి 1922లో కలకత్తా ప్రదర్శనలో వైస్రాయి బహుమతి వచ్చింది. అప్పటికి ఆయనకు పాతికేళ్లు. 1924లో లండను దగ్గర వెంబ్లీలో జరిగిన పెద్ద ప్రదర్శనలో ఆయన చిత్రాలు ఉన్నాయి. రాజమండ్రిలో ఇంట్లో కూర్చుని వేసిన బొమ్మలు సముద్రం దాటాయి.

పేరు వచ్చాక ఆయన చేసిన పనే నాకు బాగా నచ్చింది. తాను నేర్చుకున్నది దాచుకోలేదు. రాజమండ్రిలోనే చిత్రకళ నేర్పడం మొదలుపెట్టారు. శిష్యుల్లో ముఖ్యులు వరదా వెంకటరత్నం గారు. ఇంట్లోవాళ్లు కూడా కుంచె పట్టారు. భార్య సత్యవాణి గారు, చెల్లెలు దిగుమర్తి బుచ్చికృష్ణమ్మ గారు ఇద్దరూ చిత్రాలు వేశారు. నూరేళ్ల కిందట ఆడవాళ్లు పేరు పెట్టి సంతకం చేసి బొమ్మ వేయడం ఎంత అరుదో ఆలోచించండి. ఊళ్లో ఒక్క కళాకారుడు నిలబడితే చుట్టూ ఎంతమందికి చోటు దొరుకుతుందో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఇంతలో అంతా అయిపోయింది. 1925 ఫిబ్రవరి 6న మశూచి వచ్చి రామారావు గారు చనిపోయారు. ఇంకో నెల రోజులుంటే 28 ఏళ్లు నిండేవి. బొంబాయి నుంచి వచ్చి దాదాపు అయిదేళ్లు. వైద్యుడి కొడుకే మశూచితో పోయాడంటే ఆ రోజుల్లో ఆ జబ్బు ఎలాంటిదో ఊహించుకోవచ్చు. దాని ఆఖరి కేసు మన దేశంలో నమోదైంది 1975లో. మనలో పెద్ద బ్యాచిల వారి చేతుల మీద ఇప్పటికీ ఆ టీకా మచ్చలు ఉన్నాయి.

ఆయన చనిపోయిన కొద్ది ఏళ్లకు, 1920ల చివర, ఢిల్లీలో కొత్తగా కట్టిన సచివాలయం గోడల మీద చిత్రాలు వేసే పని బొంబాయి స్కూలు వారికి వచ్చింది. ఆ విద్యార్థులు వేసిన బొమ్మలు నార్త్ బ్లాకులో ఉన్నాయి. అప్పటికి రామారావు గారు బతికి ఉంటే ముప్ఫై దాటిన వయసు, చెయ్యి బాగా పండే వయసు. అజంతా గోడలు చూసి వచ్చిన మనిషికి ఒక్క పెద్ద గోడ దొరికి ఉంటే ఏం చేసేవారో మనం చూడలేకపోయాం. కాగితం మీద, కాన్వాసు మీద వేసినవే మనకు మిగిలాయి.

ఆ మిగిలినవైనా ఎలా మిగిలాయన్నది ఈ కథలో రెండో భాగం. మొదటి భాగం కంటే ఇదే మనకు ఎక్కువ అవసరం.

ఒక చిత్రకారుడు చిన్న వయసులో పోతే సాధారణంగా ఏమవుతుంది? బంధువులు తలా ఒకటి జ్ఞాపకంగా పట్టుకెళ్తారు. కొన్ని అమ్ముడుపోతాయి. కొన్ని అటక ఎక్కుతాయి. పదేళ్లకు చెదలు, వెండిపురుగులు, వాన చెమ్మ తమ పని తాము చేసుకుపోతాయి. రామారావు గారి విషయంలో అలా జరగలేదు. కారణం శిష్యుడు వరదా వెంకటరత్నం గారు, ఆయనకు తోడు నిలిచిన కుటుంబం. గురువు బొమ్మలు ఒక్కచోట ఉంచాలి, ఈ ఊళ్లోనే ఉంచాలి, ఎవరైనా వచ్చి చూసేలా ఉంచాలి అని వెంకటరత్నం గారు పట్టుబట్టారు. గురువు పేరు మీద చిత్రకళా పాఠశాల, గ్యాలరీ నడిపారు. తాను మంచి చిత్రకారుడై ఉండి, తన పేరు కంటే గురువు పేరు ముందు పెట్టుకుని దశాబ్దాలు గడిపారు. ఈ రోజు మన ఊళ్లో ప్రభుత్వ అధీనంలో ఉన్న దామెర్ల రామారావు గ్యాలరీ అలా నిలబడింది. అందులో గురువు చిత్రాలతో పాటు భార్య, చెల్లెలు, శిష్యులు, మిత్రులు వేసినవి కూడా ఉన్నాయి. ఒక ఇల్లు, ఒక బడి, ఒక ఊరు కలిసి పెంచిన చిత్రకళ అంతా ఒకే కప్పు కింద ఉంది.

నేను ఆ గ్యాలరీ మొదటిసారి చూసింది ఎనిమిదో తరగతిలో. మన డ్రాయింగు మాస్టారు నలభైమందిని వరసలో నడిపించుకుని తీసుకెళ్లారు. మాకు అప్పుడు బొమ్మల కంటే దారిలో కొనుక్కున్న మరమరాల మీద ఎక్కువ ధ్యాస. ఒకడు మాత్రం కదలలేదు. ఒక్క బొమ్మ ముందే నిలబడి, గాలిలో వేలితో ఆ గీత తిరిగిన దారి గీసుకుంటున్నాడు. వాడి పేరు ఇక్కడ రాయను, మన బ్యాచి వాళ్లకు తెలుస్తుంది. సైన్సు రికార్డుల్లో మనందరి కప్పలూ బొద్దింకలూ గీసిపెట్టింది వాడే. పదో తరగతి అయ్యాక వాడికి ఎటు వెళ్లాలో చెప్పినవాళ్లు లేరు. సినిమా బ్యానర్లు రాసేచోట చేరాడు. హీరో ముఖం ఇరవై అడుగుల ఎత్తున, గళ్లు గీసుకుని కొలత తప్పకుండా ఎక్కించేవాడు. అది ఎంత కష్టమైన పనో డ్రాయింగులు స్కేలుకు వేసే నాకు తెలుసు. తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి. చేతిరాత బ్యానర్లకు గిరాకీ పోయింది. షాపుల బోర్డులు, గోడ ప్రకటనలు కూడా పోయాయి. మన జిల్లాల్లో ఒక తరం బోర్డు ఆర్టిస్టులు అలాగే కుంచెలు కడిగి పక్కన పెట్టేశారు. వాడు ఇప్పుడు చిన్న ఫ్యాన్సీ షాపు నడుపుకుంటున్నాడు. బాగానే ఉన్నాడు. ఎప్పుడైనా కలిస్తే బిల్లు పుస్తకం వెనక అట్ట మీద బొమ్మలు కనిపిస్తాయి.

వాడికీ రామారావు గారికీ ప్రతిభలో పోలిక తేవడం నా ఉద్దేశం కాదు, అంత తెలిసినవాణ్ణీ కాదు. చుట్టూ నిలబడిన మనుషుల్లో ఉన్న తేడా మాత్రం లెక్క కట్టగలను. రామారావు గారికి ఇంట్లో కాస్త వెసులుబాటు ఉంది. చూసి గుర్తించిన ప్రిన్సిపాలు ఉన్నారు. ఎక్కడో ఒక వర్తకుడు ఎప్పుడో ఇచ్చిన డబ్బుతో నడిచే స్కూలు ఉంది. బొమ్మలు పెట్టడానికి ప్రదర్శనలున్నాయి. పోయాక కాపాడే శిష్యుడు ఉన్నారు. ఈ అయిదింటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఈ రోజు మనం ఆయన పేరు చెప్పుకునేవాళ్లం కాదు. స్తంభాలు సరిగ్గా ఉన్నచోటే స్లాబు నిలుస్తుంది. డాక్టరు గారి అబ్బాయికే ఇన్ని ఆధారాలు కావలసివస్తే, కూలి పనికి వెళ్లే తల్లిదండ్రుల పిల్లవాడికి ఎన్ని కావాలి? వాటిని నిలబెట్టేది ఎవరు? ఊరే నిలబెట్టాలి. ఊరంటే ఇంకెవరో కాదు, మనమే.

ఇప్పుడు నా మనసులో మాట. స్వర్ణోత్సవాల ఖర్చులు పోగా కొంత సొమ్ము మిగులుతుందని కోశాధికారి గారు చెబుతున్నారు. ఆ డబ్బుతో పాలరాతి ఫలకం వేయించి దాతల పేర్లు చెక్కిద్దామని ఒక ఆలోచన వచ్చింది. దాతల్లో నేనూ ఉన్నాను కాబట్టి మొహమాటం లేకుండా చెబుతున్నాను. దాతల పేర్లకు ఈ సంచిక ఆఖరి పేజీ చాలు. రోడ్డు వైపున్న మన బడి ప్రహరీ గోడ ఇప్పుడు కోచింగ్ సెంటర్ల పోస్టర్లకు, సంతాప ఫ్లెక్సీలకు అద్దె లేని స్థలంగా ఉంది. ఆ గోడ మీద మన ఊరి చిత్రకారుల చేత బొమ్మలు వేయిద్దాం. గోదావరి, పడవలు, కడియం పూలమొక్కలు, పుష్కరాలు, హేవలాక్ వంతెన, ఏం వేయాలో వాళ్లకే వదిలేద్దాం.

ఇందులో ఇంజినీరు చెప్పవలసిన నాలుగు మాటలున్నాయి. గోడ అడుగున రెండడుగుల మేర నేల చెమ్మ పైకి పాకింది. ముందు ఆ పూత కొట్టేసి, చెమ్మ ఆపే ఏర్పాటు చేసి, కొత్త పూత పూయాలి. కొత్త సిమెంటు పూతలో క్షారం ఉంటుంది, నెల రోజులైనా ఆరనివ్వకపోతే రంగు పొరలుగా లేచిపోతుంది. గోడ పైన వాలుగా కప్పు పెట్టకపోతే మొదటి వర్షాకాలంలోనే నల్లటి చారలు దిగుతాయి. పని సంక్రాంతి తర్వాత మొదలుపెట్టి ఎండలు ముదరకముందే ముగించాలి. బయటి గోడలకు పనికొచ్చే ఆక్రిలిక్ రంగులే వాడాలి. అన్నిటికంటే ముఖ్యం, ఖర్చు చేసే ప్రతి పది రూపాయల్లో రెండు పక్కన పెట్టి, అయిదేళ్లకోసారి మరమ్మతు చేయించాలి. కట్టడానికి డబ్బులిచ్చేవాళ్లు దొరుకుతారు, కాపాడటానికి దొరకరు. వెంకటరత్నం గారి జీవితం నాకు నేర్పిన పాఠం ఇది.

చిత్రకారుడికి ఇచ్చే డబ్బు గురించి కూడా ఒక మాట. మేస్త్రీకి రోజు కూలి ఎగ్గొట్టం, ఎలక్ట్రీషియన్‌కు శాలువా కప్పి పంపం. బొమ్మ వేసినవాడికి మాత్రం శాలువా, జ్ఞాపిక, నాలుగు మంచి మాటలతో సరిపెడతాం. ఈసారి అలా వద్దు. ముందుగా రేటు మాట్లాడుకుని, అడ్వాన్సు ఇచ్చి, పని అయిన రోజే మిగతాది ఇద్దాం. అనుభవం ఉన్న పాత బోర్డు ఆర్టిస్టులు ఇద్దరు ముగ్గురు ఇంకా ఊళ్లో ఉన్నారు. వాళ్ల కింద మన బడిలో బొమ్మలు వేసే పిల్లలు నలుగురు సెలవుల్లో రంగులు కలపడం, గళ్లు గీసి కొలత ఎక్కించడం నేర్చుకుంటారు. ఆ నలుగురిలో ఒక్కరికైనా ఎటు వెళ్లాలో తెలిస్తే, ఎక్కడ చేరాలో చెప్పి, రైలు టికెట్టు, మొదటి ఏడాది ఫీజు మన సంఘం పెట్టుకోవచ్చు. ఇప్పుడు మన రాష్ట్రంలోనే లలితకళల కోర్సులున్న విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. బొంబాయి దాకా వెళ్లనక్కర్లేదు.

గురువులకు ఒక విన్నపం. పరీక్షలు దగ్గర పడగానే డ్రాయింగు పిరియడు లెక్కలకు వెళ్లిపోతుందని నాకు తెలుసు. లెక్కల వల్లే నేను ఈ స్థితికి వచ్చాను, వాటిని తక్కువ చేయను. అయినా ఏడాదికి ఒక్కసారి, ఒక్క పూట, ఎనిమిదో తరగతి పిల్లలను గ్యాలరీకి నడిపించుకుని తీసుకెళ్లండి. వాళ్లలో ముప్ఫై తొమ్మిది మంది మరమరాలు తింటారు. పర్వాలేదు. నలభయ్యోవాడు ఎక్కడ నిలబడిపోయాడో చూసి, వాడి పేరు మాకు రాసి పంపండి. ఆ తర్వాత పని సంఘానిది.

మిత్రులకు కూడా ఒక చిన్న పని. ఉత్సవాలకు దేశ విదేశాల నుంచి వస్తున్నారు కదా, గోదావరి హారతి చూసేందుకు ముందు గంట తీసుకుని గ్యాలరీకి వెళ్లండి. నీటిరంగుల చిత్రాలు వెలుతురుకు పాలిపోతాయి. మ్యూజియాల్లో వాటి మీద 50 లక్సులకు మించి వెలుతురు పడనివ్వరు. అది దాదాపు మన ఇంట్లో ఒక చిన్న బల్బు కాస్త దూరంలో వెలిగినంత. కాబట్టి ఫ్లాషు కొట్టకండి, దగ్గరగా నిలబడి కళ్లతోనే చూడండి. పిల్లల్ని తీసుకెళ్లండి. సందర్శకుల పుస్తకం ఉంటే అందులో రెండు ముక్కలు రాయండి. చూడటానికి జనం వస్తున్న చోటికే నిధులూ వస్తాయి, ఏ ప్రభుత్వమైనా అంతే.

ప్రహరీ గోడ తీర్మానం మహాసభ ముందుకు వస్తోంది. అంచనా లెక్కలు నేను వేసి కార్యదర్శి గారికి ఇచ్చాను, ఎవరైనా అడిగి చూడవచ్చు. నా జీతం లేని సూపర్‌విజన్ అందులో కలిపే ఉంది. నేను పెడుతున్న షరతు ఒక్కటే. గోడ మీద కుడి వైపు అడుగున, చదవడానికి వీలైనంత సైజులో, బొమ్మ వేసినవారి పేరు, వేసిన సంవత్సరం ఉండాలి. ఇంకెవరి పేరూ అక్కర్లేదు.